తెరుచుకోని ఆరో సీడీ

2006 ఎండాకాలం. పత్తికొండలో నాది కంప్యూటర్ రిపేరు అంగడి. ఎనిమిదో తరగతిలోనే బడి, నేను ఒకరికొకరం దండం పెట్టుకున్నాం. అట్లాంటి నన్ను ఎంసీఏ చదివే అమ్మాయి పనికి పిలిచిందంటే కాలర్ ఎగరేయనా, వద్దా?

ఆ అమ్మాయి షమీమ్, ఫోటో స్టూడియో మస్తాన్ భాయ్ కూతురు. ప్రాజెక్టుకు లినక్స్ కావాల, విండోస్ మాదిరే కంప్యూటర్‌ను నడిపే ఇంకో సిస్టమ్ అది. స్టూడియోలో ఉండేది ఒకటే కంప్యూటర్, అందులో విండోస్. రెండూ ఒకే డబ్బాలో పెట్టుకొని, ఆన్ చేసినప్పుడు కావాల్సింది ఎంచుకోవడాన్ని డ్యూయల్ బూట్ అంటాం. దానికి హార్డ్ డిస్క్‌ను భాగాలు చేయాల. అది పార్టిషన్. చిక్కంతా ఆడనే, తేడా వస్తే డిస్కులో ఉండేదంతా పోతుంది. డిస్కులో ఒక కోమట్ల పెళ్ళి ఫోటోలు ఉండాయి. ఆల్బం ఇంకా వేయలేదు, మరో కాపీ యాడా లేదు.

"ఇవి పోతే ఎట్లప్పా?" అన్నాడు భాయ్.

"మళ్ళా పెళ్ళి చేసుకోమందాం."

"పెళ్ళికొడుకు ఒప్పుకుంటాడు. పెళ్ళికూతురే కష్టం." నవ్వినాడు గానీ, చెయ్యి మౌస్ మీదనుంచి తీయలేదు.

ముందు ఫోటోలన్నీ సీడీల్లోకి రాసినా. ఎనిమిది అయినాయి. వాటిని సంచిలో వేసుకొని అంగడికి బయలుదేరితే షమీమ్ అడ్డం పడింది.

"రాసినట్టు చూపించింది కదన్నా, మళ్ళా యాడికి పోతాండావు?"

"వేరే మిషన్‌లో తెరిచి చూడాల పాపా."

"మా కాలేజీలో ఎవరూ ఇట్ల చేయరు."

"అందుకే నన్ను పిలిచినావు."

ఆరో సీడీ తెరుచుకోలేదు. తాళి కట్టే ఫోటోలన్నీ దాంట్లోనే. తిరిగొచ్చి ఇంకోటి రాసి, దాన్నీ అంగట్లో తెరిచి చూసినాకనే పార్టిషన్ మొదలుపెట్టినా.

సగంలో కరెంటు పోయింది. కోత టైము దాటినాకే కూర్చున్నా, అయినా పోయింది. యూపీఎస్ రెండు నిమిషాలు కుయ్యోమని ప్రాణం విడిచింది. కరెంటు వచ్చినాక చూస్తే ఫోటోల డ్రైవ్ తెరుచుకోలేదు.

భాయ్ కుర్చీలో కూలబడినాడు. "నా వల్లనే అబ్బా," అంది షమీమ్ వాళ్ళ నాయనతో.

నేను ఎనిమిది సీడీలూ బల్ల మీద పరిచినా. "చాయ్ తాగి రా భాయ్. పెళ్ళి భద్రంగా ఉండాది."

డిస్క్ అంతా తుడిచి, ముందు విండోస్ వేసినా. దాన్ని వెనక వేస్తే లినక్స్ దారి మూసేస్తుంది. లినక్స్ మాత్రం షమీమ్ చేతనే వేయించినా. యాడ నొక్కకూడదో చెప్పడమే నా పని. సాయంత్రానికి తెర మీద రెండు పేర్లూ వచ్చినాయి. ఫోటోలు ఎక్కించినాక భాయ్ తాళి ఫోటో తెరిచి, శానాసేపు దాన్నే చూస్తా ఉండిపోయినాడు.

యూపీఎస్‌ను ముందే పరీక్షించకపోవడం నా తప్పు. అప్పటినుంచి పని పట్టకముందే దాని ప్లగ్గు పీకి, ఎంతసేపు బతుకుతుందో చూస్తా. ఇంక కాపీ సంగతంటారా, వేరే మిషన్‌లో తెరుచుకున్నదాన్నే కాపీ అంటా. అంతవరకూ అది ఉత్త నమ్మకం.