ఓబులేసు సారు అడిగిన మాట

మొన్న టీకా వేయించడానికి మనవరాలిని ఆసుపత్రికి తీసుకుపోయాను. నర్సు దూదికి స్పిరిట్ అద్ది పాప భుజం తుడిచింది. ఆ చల్లటి ఘాటు ముక్కుకు తగిలింది. యాభై ఏళ్లు దాటినా ఆ వాసన వస్తే నాకు ముందుగా గుర్తొచ్చేది డాక్టర్ శేషయ్యగారే. ప్రొద్దుటూరులో ఆయన దగ్గర పన్నెండేళ్లు కాంపౌండరుగా పనిచేశాను.

ఆయనది పులివెందుల. మాట తక్కువ. దుమ్ము పడక ఏడాది పొడవునా తుమ్ముతూ, కళ్లు వాచి బాధపడేవాళ్లకు ఆయన ఒక వైద్యం చేసేవారు. ఏ దుమ్ము పడదో దాని సారాన్నే చుక్క చుక్కగా సూదిమందులో ఇచ్చి, వారం వారం పెంచుతూ ఒంటికి అలవాటు చేయడం. మందు మద్రాసు నుంచి ఐసు ఫ్లాస్కులో వచ్చేది. ఎర్రగుంట్ల స్టేషనుకు పోయి నేనే తెచ్చేవాణ్ణి. సూది వేసుకున్నవాళ్లు అరగంట సేపు వరండాలో బెంచీ మీద కూర్చోవాల్సిందే. మందు వికటిస్తే వేయడానికి అడ్రినలిన్ పక్కనే సిద్ధంగా ఉండేది. ఒకసారి ఒక పత్తి వ్యాపారి పని ఉందని మధ్యలోనే లేచి వెళ్లిపోతే, డాక్టరుగారు రోడ్డు దాకా పోయి చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకొచ్చారు. “తొందరుంటే సూది వద్దప్పా. సూది గావాలంటే కూర్చో” అన్నారు.

ఓబులేసు సారు జమ్మలమడుగులో ప్రైమరీ స్కూలు టీచరు. శనివారం బడి వదిలాక బస్సెక్కి వచ్చేవారు. ఏడాదిగా సూదులు వేసుకుంటున్నారు. తుమ్ములు బాగా తగ్గాయి. ఇక పిల్లలకు పద్యం మధ్యలో ఆపకుండా చెప్పగలుగుతున్నానని సంబరపడేవారు. ఆ శనివారం సూదికి ముందు బెంచీ మీద కూర్చుని జేబులోంచి ఒక మాత్రల పొట్లం తీసి నాకు చూపించారు. గుండె దడగా ఉంటే వేరే ఊళ్లో ఒక పెద్ద డాక్టరు నాలుగు రోజుల కిందట రాసిచ్చాడట. మాత్ర అప్పట్లో కొత్తది. ఇప్పుడు ఆ రకం మాత్రలను బీటా బ్లాకర్లంటున్నారు.

“ఖాదరూ, ఇవి గూడా మింగుతాండా. సూదికేమన్నా అడ్డమా?”

నాకు తెలియదు. కానీ కాంపౌండరుకు తెలియదంటే చిన్నతనం అనిపించింది. “దాని దోవ దానిది, దీని దోవ దీనిది. ఏం గాదు సార్” అన్నాను.

సూది వేసిన పది నిమిషాలకు ఆయన అరచేతులు గోక్కోవడం మొదలుపెట్టారు. తర్వాత పెదవులు వాచాయి. డాక్టరుగారు పరిగెత్తుకొచ్చి అడ్రినలిన్ ఇచ్చారు. అంతకుముందు ఒకామెకు ఇలాగే అయితే ఆ మందుతో కాసేపటికే తేరుకుంది. ఓబులేసు సారు తేరుకోలేదు. రెండోసారి ఇచ్చారు, మూడోసారీ ఇచ్చారు. సెలైను పెట్టాం. పరుగెత్తాల్సిన నాడి మెల్లగా కొట్టుకుంటోంది. “ఎందుకు పని చేయడంల్యా?” అని డాక్టరుగారు తనలో తాను అనుకోవడం విన్నాను. నాకు అప్పుడైనా మాత్రలు గుర్తు రాలేదు. పొద్దు వాలకముందే సారు పోయారు.

శవంతో పాటు డాక్టరుగారు, నేను జమ్మలమడుగుకు పోయాం. సారు భార్య నాగమ్మగారి ముందు డాక్టరుగారు చేతులు కట్టుకుని నిలబడ్డారు. “నేనేసిన సూదితోనే పోయినాడమ్మా. ఎందుకట్లయిందో నాకు తెలీదు” అన్నారు. సారు తమ్ముడు ఆయన చొక్కా పట్టుకున్నాడు. డాక్టరుగారు విడిపించుకోలేదు.

దినాలు అయిపోయాక నాగమ్మగారు ఒక్కరే క్లినిక్కుకు వచ్చారు. కొంగున కట్టుకొచ్చిన పొట్లం విప్పి బల్ల మీద పెట్టారు. మిగిలిన మాత్రలు. లేనోళ్లెవరికన్నా పనికొస్తాయేమోనని తెచ్చానన్నారు. డాక్టరుగారు మాత్ర పేరు రెండుసార్లు చదివారు. మద్రాసులో తనకు చదువు చెప్పిన ప్రొఫెసరుకు ఆ రోజే జాబు రాశారు. అడ్రినలిన్ ఎక్కడ పని చేయాలో ఆ చోటునే ఈ మాత్ర మూసేస్తుందని, అందుకే ఎంత ఇచ్చినా అందలేదని జవాబొచ్చింది.

ఆ జాబు చదివాక నేను బెంచీ మీద జరిగిన మాట చెప్పేశాను. ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది. జాబు మడిచి బల్ల మీద పెట్టారు.

“ఏమేం మందులు మింగుతాండావని నేను అడగాల్సింది, అడగల్యా. అది నా తప్పు. నిన్ను ఆయన అడిగినాడు. తెలీదని చెప్పుంటే నా కాడికి వచ్చుండేవాడు గదా ఖాదరూ.”

తప్పు ఆ మాత్ర రాసిన డాక్టరుదని చెబుదామన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. మరునాడే జమ్మలమడుగుకు పోయి, జాబులో ఉన్నదీ, తాను అడగనిదీ నాగమ్మగారికి చెప్పి వచ్చారు. నా సంగతి మాత్రం చెప్పలేదు. “నీ మాట నువ్వే పోయి చెప్పు” అన్నారు. ఆ తర్వాత ఆ సూదులు మానేశారు. ఎవరొచ్చినా ఇంట్లో ఉన్న మందులన్నీ సంచిలో వేసుకుని తెమ్మనేవారు.

నేను పోయాను. జమ్మలమడుగు బస్టాండులో దిగి, టీ తాగి, ఆమె ఉండే వీధి మొగదాకా నడిచాను. నాగమ్మగారు గుమ్మం ముందు చాట పట్టుకుని బియ్యం చెరుగుతున్నారు. తల ఎత్తలేదు. అక్కడి నుంచే తిరిగొచ్చి బస్సెక్కాను.

“చెప్పొచ్చినావా?” అని డాక్టరుగారు ఒక్కసారే అడిగారు. చెప్పానన్నాను. ఆయన నా భుజం తట్టారు, మళ్లీ ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు. నన్ను నిజం చెప్పినవాడిగానే నమ్మి ఆయన పోయారు. ఆ తర్వాత ముప్పై ఏళ్లు సొంతంగా మందుల షాపు నడిపాను. తెలియనిది ఎవరడిగినా తెలియదనే చెప్పాను, సిగ్గుపడలేదు. అది ఆయన పెట్టిన బుద్ధి. నాగమ్మగారు ఇప్పుడు లేరు. ఆమెకు చెప్పాల్సిన మాట ఇంకా నా దగ్గరే ఉంది.