మేనేజరు చెప్పిన అవసరం

తొంభైల చివర్లో మాట. పలమనేరు నుంచి గుడియాత్తం కోడలిగా వచ్చిన నాకు తమిళం అంతంతమాత్రం. అయినా టెన్త్ చదివానని పొదుపు సంఘానికి నన్నే లీడర్ని చేశారు. కుట్టుమిషన్ల లోన్ కోసం బ్యాంకులో పొద్దుట్నుంచి నిలబడ్డాం. నా కాలు ఒకచోట నిలవడం లేదు. చివరికి మేనేజరు పిలిచి, మా కాగితాలు తిరగేస్తూ "అవసరం ఇల్లమ్మా" అన్నాడు.

అవసరం లేదా? నాకు ఒళ్లు మండింది. "మాకుండాది సార్" అని కాగితాలు లాక్కుని బస్టాండుదాకా వచ్చేశాను.

మా సంఘంలోని కుప్పమ్మక్క పరిగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుంది. "యాడికి పోతా ఉండావే? తమిళంలో అవసరమంటే తొందర. తొందర లేదు, కూర్చోమన్నాడు ఆయప్ప."

సిగ్గుతో తిరిగి వెళ్లాను. మిషన్లు వచ్చాయి. ఇప్పటికీ మీటింగులో నేను గొంతు పెంచితే కుప్పమ్మక్క మెల్లిగా "అవసరం ఇల్లమ్మా" అంటుంది. కూర్చుంటాను.