ఓజెల్లా పీల్చిన ఊపిరి

పోయిన మంగళవారం పాల కోసం సూపర్‌మార్కెట్టుకి వెళితే పైన స్పీకర్లో ఆ పాటే వస్తోంది. ఈసారి పాడింది ఎవరో కొత్త పిల్ల. గొంతు బాగానే ఉంది, కాదనను. కానీ ఆ చోటు రాగానే తొందరపడింది. మగగొంతు "కిటికీ తెర దించెయ్" అన్నాక ఆగాలి. ఆగి, వినపడేలా ఊపిరి తీసుకోవాలి. ఆ తరవాతే నోరు విప్పాలి. ఈ పిల్ల ఊపిరి గబుక్కున లాగేసి, బస్సు తప్పిపోతుందేమో అన్నట్టు చరణంలోకి ఎక్కేసింది. "అలా కాదమ్మా!" అని పైకే అనేశాను. పెరుగు డబ్బాలు సర్దుతున్న అమ్మాయి నన్ను ఎగాదిగా చూసింది. చూడనీ. ఎనభై మూడేళ్ళొచ్చాక ఎవరేమనుకుంటే నాకేం?

ఆ పాటని నాకు తెలిసే ముప్ఫైమంది పాడారు. ముప్ఫైమందీ ఆ ఊపిరిని కూడా పాడారు. నిజానికి అది పాట కట్టినవాడు రాసింది కాదు. మా ఆడపడుచు ఓజెల్లా చేసిన పొరపాటు.

ఓజెల్లా నా మొగుడు క్లారెన్స్‌కి చెల్లెలు. అలబామాకి ఉత్తరాన, టెన్నెసీ నది ఒడ్డున మా ఊరు. అక్కడి మేజోళ్ళ మిల్లులో ఇరవై రెండేళ్ళు ఆమె మెషీనూ నా మెషీనూ పక్కపక్కనే. వేళ్ళ దగ్గర మూతి కలిపి కుట్టడం మా పని. మనిషి నిలువెత్తు, మాట తక్కువ, నవ్వొస్తే మాత్రం ఆపుకోలేదు. పెళ్ళి చేసుకోలేదు. అడిగినవాళ్ళు లేక కాదు, వచ్చినవాడెవడూ ఆమె కంటికి ఆనలేదు. ఆ పాట విని మా జిల్లాలో ఎంతమంది పెళ్ళిళ్ళు చేసుకున్నారో లెక్కలేదు, పాడినావిడ మాత్రం తన మంచం మీద తనొక్కతే పడుకునేది. ఆ మాట అంటే నన్ను గిల్లేది.

మా మామగారు లెమ్యుయల్ టిబ్స్ క్షురకుడు. వారమంతా దుకాణంలో తలలు గొరిగేవాడు, ఆదివారం మా చర్చి మందిరంలో సంఘపెద్ద. మాది నల్లవాళ్ళ పాత పద్ధతి సంఘం. పియానో లేదు, డ్రమ్ములు లేవు. పాటల పుస్తకాలు కూడా లేవు, పూర్వం మావాళ్ళలో చదువొచ్చినవాళ్ళు తక్కువ మరి. కాబట్టి పెద్ద లేచి ఒక చరణం గబగబా చెబుతాడు. సంఘమంతా దాన్ని అందుకుని, సాగదీసి పాడుతుంది. ఆ చెప్పడానికీ ఈ అందుకోవడానికీ మధ్య చిన్న ఎడం ఉంటుంది. "మాట కింద వాలాలి. వాలాకే ఎత్తుకోవాలి" అని మామగారు పిల్లలందరికీ నేర్పేవాడు. ముందుగా ఎత్తుకునేది ఓజెల్లా. ఆమె ఊపిరి పీల్చే చప్పుడు ఆఖరి బల్ల దాకా వినపడేది. అది వినే మేమందరం పీల్చేవాళ్ళం.

పంతొమ్మిది వందల డెబ్భై నాలుగు వసంతంలో డెంటన్ అనే తెల్లాయన మిల్లు గేటు దగ్గరికొచ్చాడు. నది ఒడ్డున పాత పత్తి గోడౌనులో ఆయనకి రికార్డింగు స్టూడియో ఉండేది. అక్కడ ఊడ్చే ముసలాయన చనిపోతే సమాధి కూడికకి మా మందిరానికి వచ్చి, ఓజెల్లా గొంతు విన్నాడట. "కాలిఫోర్నియా నుంచి పాట రికార్డు చెయ్యడానికి ఒక అబ్బాయి వచ్చాడమ్మా. వెనకపాట పాడే అమ్మాయికి జ్వరం. ఒక్క శనివారం పొద్దున రండి చాలు" అన్నాడు.

నేను ఆమెని పక్కకి లాగాను. "నీకేమైనా మతి పోయిందా? రాస్కో బాబాయి సంగతి మర్చిపోయావా?"

రాస్కో మామగారి సొంత తమ్ముడు. మందిరం బయటి పాటలు మా సంఘానికి పాపం. డాన్సు హాల్లో ఫిడేలు వాయించాడని తెలిసి, సంఘం ముందు నిలబడి ఒప్పుకోమన్నారు. ఒప్పుకోనన్నాడు. అతని పేరు సంఘం నుంచి కొట్టేస్తున్నామని చదివింది మా మామగారే. రాస్కో మళ్ళీ మందిరం గడప తొక్కలేదు, అన్నతో మాట్లాడలేదు, అలాగే పోయాడు. ఓజెల్లా పాడిందని తెలిస్తే మందిరంలో ముందు బల్ల మీద ఆమె చోటు పోతుంది. కొట్టేస్తున్నామని ఆమె పేరు చదవాల్సింది కన్నతండ్రే.

"తెలుసు వదినా," అంది ఓజెల్లా. "కానీ నా గొంతు నేనెప్పుడూ వినలేదు. మందిరంలో అందరి గొంతుల్లో కలిసిపోతుంది. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, బయటి నుంచి వినాలని ఉంది."

శనివారం పొద్దున్నే కారు తీశాను.

రికార్డు అట్ట మీద తన పేరు వెయ్యకూడదని ముందే మాట తీసుకుంది. ఆదివారం టోపీ పెట్టుకుని, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని మైకు ముందు కూర్చుంది. నేను అద్దం ఇవతల కూర్చుని ఉడకబెట్టిన వేరుశనగలు తింటున్నాను. జుట్టు భుజాల దాకా పెంచుకున్న ఆ కుర్రాడు "కిటికీ తెర దించెయ్" అని మెల్లగా పాడాడు. అదే మాట ఆమె వెంటనే, తాళం తప్పకుండా తిరిగి పాడాలి. అంతే పని.

ఓజెల్లా పాడలేదు. ఎవరో చరణం అందించారు కదా, అది వాలాలి కదా! ఆగింది. మందిరంలో పీల్చినట్టే నిండుగా ఊపిరి పీల్చింది. డ్రమ్ముల దగ్గరున్నాయన పుల్ల గాల్లోనే ఆపేశాడు. అప్పుడు ఎత్తుకుంది.

నా నోట్లో వేరుశనగ గింజ నోట్లోనే ఉండిపోయింది. చిన్నప్పటి నుంచీ ఆ ఊపిరి విన్నదాన్నే. కానీ ఆ మాటల ముందు, ఆ గిటారు పక్కన అది వేరేగా వినపడింది. చెవులు వేడెక్కాయి.

పాట అయ్యాక ఆమె చేతిసంచీ పట్టుకుని లేచి నిలబడింది. "క్షమించండి డెంటన్ గారూ, ఆలస్యం అయిపోయింది. మళ్ళీ పాడతాను."

"మళ్ళీనా?" అన్నాడాయన కళ్ళద్దాలు తుడుచుకుంటూ. "తల్లీ, ఎవరైనా ఆ టేపు ముట్టుకుంటే చేతులు విరగ్గొడతాను."

తరవాత ఆమెకి వినిపించారు. తలొంచుకుని వింది. ఇంటికొస్తూ వంతెన దాటాక, "బాగానే ఉంది కదూ నా గొంతు?" అంది. బాగుందని చెప్పాను. ఆమె అంత సంతోషంగా ఉండటం నేను మళ్ళీ చాలా ఏళ్ళు చూడలేదు.

ఆ వేసవికల్లా ఎక్కడ విన్నా ఆ పాటే. మిల్లులో రేడియో పెట్టేవాళ్ళు. ఆ ఊపిరి రాగానే ఆడవాళ్ళంతా మెషీన్లు ఆపేసేవాళ్ళు.

"ఎవత్తోగానీ సిగ్గు లేని మనిషే!" అనేది మా ఎదురు వరస లూర్డీన్, విసనకర్రతో విసురుకుంటూ. "అలా ఊపిరి తియ్యాలంటే ఎన్ని చూసుండాలి!"

"అవును మరి, చాలా చూసుంటుంది," అనేదాన్ని నేను. ఓజెల్లా మేజోడు మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వేది.

ఆ నవ్వు మిల్లులోనే. మందిరంలో వేరు. తన ఊపిరి వింటే ఎవరైనా పోల్చుకుంటారని భయం. అందుకని ఆగడం మానేసింది. తండ్రి చరణం అందించడం ఆలస్యం, ఊపిరి చప్పుడు కాకుండా వెంటనే ఎత్తుకునేది. ఎప్పుడు ఎత్తుకోవాలో మాకు ఆనవాలు ఉండేది కాదు. ఒకరు ముందు, ఒకరు వెనక. పాట చప్పబడిపోయింది. పాస్టరుగారు గొంతునొప్పా అని అడిగారు. అవునంది. ఆ నొప్పి పన్నెండేళ్ళు నడిచింది.

ఈలోగా లోకమంతా ఆమె ఊపిరి పీలుస్తోంది. నాష్‌విల్ నుంచి ఒక కౌబాయ్ టోపీ ఆయన పాడాడు, జలుబు చేసినవాడిలా ముక్కుతో లాగాడు. డిస్కోవాళ్ళు నాలుగు దెబ్బలకోసారి ఊపిరి పెట్టారు, వింటే ఎవరికో ఉబ్బసం వచ్చిందనుకోవాలి. ఒకడు మాటలే లేకుండా శాక్సోఫోను మీద వాయించాడు, ఆ చోట వట్టి గాలి ఊదాడు. జపాన్‌లో ఒకావిడ పాడిన రికార్డు డెంటన్ తెచ్చి వినిపించాడు. ఒక్క మాట అర్థమైతే ఒట్టు, కానీ ఊపిరి మాత్రం మా ఓజెల్లాదే. మక్కీకి మక్కీ దింపింది.

అన్నిటికన్నా నాకు గుర్తున్నది హైస్కూలు బ్యాండు. ఫుట్‌బాల్ మైదానంలో, ఆట మధ్య విరామంలో వాయించారు. ఆ చోటు రాగానే నూరుమంది పిల్లలు బాకాలు దించి ఒక్కసారిగా ఊపిరి పీల్చారు. జనం ఈలలు వేశారు. నేనూ పగలబడి నవ్వి పక్కకి చూస్తే ఓజెల్లా ఏడుస్తోంది.

"మన మందిరంలోలాగే పీల్చారు వదినా," అంది. "మనవాళ్ళు ఒకప్పుడు ఇలాగే పీల్చేవాళ్ళు. నేనే పాడుచేశాను."

మామగారి దుకాణంలో బేస్‌బాల్ కోసం రేడియో ఎప్పుడూ మోగుతుండేది. అదొక గండం. ఒకసారి నేను దుమ్ము దులిపే వంకతో దాన్ని నీళ్ళ బేసినులో పడేశాను. మర్నాటికల్లా కొత్తది కొన్నాడు. ఆ పాట వచ్చినప్పుడు ఆయన కత్తెర పక్కన పెట్టి వెళ్ళి రేడియో కట్టేసేవాడు. ఒక్కోసారి కట్టేసేవాడు కాదు, కత్తెర పట్టుకుని అలా నిలబడిపోయేవాడు. కుర్చీలో ఉన్నవాడు, "ఏంటి పెద్దాయనా, సగం తల చాలా?" అనేదాకా కదిలేవాడు కాదు. వయసు మీద పడింది అనుకున్నాను. నా తెలివి అంతవరకే.

ఎనభై ఆరు ఆగస్టులో కాళ్ళు కడిగే ఆదివారం వచ్చింది. ఏడాదికోసారి ఒకరి పాదాలు ఒకరం కడుగుతాం, ఆడవాళ్ళు ఒకవైపు, మగవాళ్ళు ఒకవైపు. మనసులో ఏదైనా దాచుకుని ఆ నీళ్ళు ముట్టుకోకూడదు. మామగారికి అప్పటికి ఎనభై ఒకటి. ఇదే తన ఆఖరు పాట అని వారం ముందే చెప్పేశాడు.

ఓజెల్లా నా పాదాలు పళ్ళెంలో పెట్టుకుంది. 

"ఇవాళ చెప్పేస్తాను వదినా. పాట అయ్యాక లేస్తాను."

"నోరు మూసుకో. ఆయన ఆఖరి రోజున నీ పేరు చదివిస్తావా?"

"నాన్న పాట ఇలా చప్పగా ముగియడం నాకిష్టం లేదు. అలాగని ఊపిరి బయటపెట్టే ధైర్యమూ లేదు. నేనేం చెయ్యను?" అంది. నీళ్ళలో ఆమె కన్నీళ్ళు పడ్డాయి. 

మామగారు చొక్కా చేతులు మడిచే ఉన్నాడు, తువ్వాలు నడుముకే ఉంది. లేచి చరణం అందించాడు. గొంతు పీలగా ఉంది. ఓజెల్లా అలవాటు ప్రకారం వెంటనే ఎత్తుకుంది.

ఆయన చెయ్యెత్తాడు. పాట ఆగిపోయింది. మా మందిరంలో పాట మధ్యలో ఆపడం నేనెన్నడూ చూడలేదు.

"అది కాదమ్మా," అన్నాడు.

"ఏంటి నాన్నా?"

"నీ ఊపిరేది?"

 పళ్ళేల్లో నీళ్ళు కూడా కదల్లేదు.

"నీకు... నీకు తెలుసా నాన్నా?"

"బాగా అడిగావు! నేర్పిందెవడు? ఆ పాట మొదటిసారి దుకాణంలో రేడియోలో వచ్చినప్పుడే తెలుసు. కుర్చీలో ఉన్నవాడి చెవి కొయ్యబోయాను." ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. "తరవాత ఎవరెవరో పాడారు. అందరివీ విన్నాను. ఒక్కడికీ ఆగడం రాదు. వినలేక కట్టేసేవాణ్ణి. నీది వస్తే మాత్రం కట్టెయ్యలేదు."

"మరి ఇన్నేళ్ళూ ఎందుకు అడగలేదు?"

"ఒకసారి తొందరపడి నా తమ్ముణ్ణి పోగొట్టుకున్నాను. అతని మాట వాలనివ్వలేదు. అందుకని ఈసారి ఆగాను. నువ్వే చెబుతావని పన్నెండేళ్ళు ఆగాను." ఆయన బల్ల పట్టుకుని నిలబడ్డాడు. "ఇంక నాకు ఆగే వయసు లేదమ్మా. నీ ఊపిరిని లోకమంతా వాడుకుంటోంది. అది ఈ మందిరంలోది. ఇవాళ నాకిచ్చెయ్."

పాస్టరుగారు మా అందరి వైపూ చూశారు. "ఎవరైనా ఏమైనా అంటారా?" అన్నారు. ఏమంటాం? అందరి కాళ్ళూ ఒకరి చేతుల్లో ఒకరివి ఉన్నాయి. మిల్లులో మా ఎదురు వరస లూర్డీన్ ఒక్కతే నా వెనక నుంచి "అమ్మ ఓజెల్లో!" అని గొణిగింది.

మామగారు చరణం మళ్ళీ అందించాడు.

ఓజెల్లా లేచి నిలబడింది, తడి చేతులతోనే. పాడలేదు. మాట వాలనిచ్చింది. ఆయన కళ్ళు మూసుకుని ఎదురుచూస్తున్నాడు. అప్పుడు ఊపిరి పీల్చింది, ఆఖరి బల్ల దాకా వినపడేలా. ఆమె వెనక మేమందరం పీల్చాం.