మాట వచ్చినంక నిలబడొద్దు

జానమ్మ మాతో ఒక్క మాట చెప్పకుండా ఎందుకు వెళ్లిపోయింది? కోపం వచ్చి వెళ్లిందా, లేక మా దగ్గర నేర్చుకున్న పద్ధతి ప్రకారమే వెళ్లిందా? ఏళ్లు గడిచాయి, కళ్లు మసకబారాయి, ఈ ప్రశ్న మాత్రం అట్లాగే ఉంది. పుస్తకం తెరిచి ఒడిలో పెట్టుకుని, చదవకుండా కూర్చున్నప్పుడల్లా ఇదే వచ్చి ఎదురుగా కూర్చుంటుంది.

పంతొమ్మిది వందల అరవై ఐదులో వాన ముఖం చాటేసింది. మరుసటి ఎండాకాలానికి కల్వకుర్తి చుట్టుపక్కల బావులు అడుగంటాయి. ఒక క్రైస్తవ మిషన్ వాళ్లు ఊళ్లలో పిల్లలకు, బాలింతలకు, ముసలివాళ్లకు గోధుమరవ్వ జావ కాచి పోసే పని పెట్టారు. అందులో నాకు సామాన్లు చేరవేసే పని దొరికింది. బస్తాలు బండికెత్తించి, ఊరికి తీసుకుపోయి దించడం. ఎవరితోనూ మాట్లాడనవసరం లేని పని అని సంతోషించాను.

మాట్లాడే పని మిగతావాళ్లది. అదే అసలు పని. రవ్వ మా దగ్గర ఉండేది, కట్టెలు ఊళ్లో దొరికేవి, నీళ్లే ఉండేవి కావు. ఏ ఊళ్లో చూసినా నీళ్లు మిగిలిన బావి ఊరి పెత్తనం చేసే పటేలుదే. ఊరవతల వాడలో జావ కాయాలంటే పటేలు తన బావి నుంచి నీళ్లు ఇవ్వాలి. ఇస్తే అక్కడ పొయ్యి వెలుగుతుంది. ఇవ్వకపోతే బండి పక్క ఊరికి మళ్లుతుంది. మళ్లిన బండి వెంట కొంతదూరం పిల్లలు నడిచి వచ్చేవాళ్లు. వెనక్కి చూడొద్దని బండివానికి చెప్పేవాణ్ణి. చూసేది నేనే.

పటేళ్లతో ఎట్లా మాట్లాడాలో మాకు ఎవరూ నేర్పలేదు. ఒకరి దగ్గర ఒకరం నేర్చుకున్నాం. కల్వకుర్తిలో కిరాయికి తీసుకున్న పెంకుటింటి అరుగు మీద పొద్దుగూకే వేళకు అందరం చేరేవాళ్లం. ఆ రోజు ఎవరికి నీళ్లు దొరికాయి, ఎవరికి తిట్లు దొరికాయి అని ముచ్చట మొదలయ్యేది. రామచంద్రయ్య పంతులు తువ్వాలు భుజాన వేసుకుని, లేని మీసం మెలేసి పటేలయ్యేవాడు. ఎదురుగా ఒకరు నిలబడి నీళ్లు అడగాలి. ఆయన ఒకప్పుడు బడిపంతులు, బ్రాహ్మణుడు, మంచి మనిషి. మాతో కలిసి అదే అరుగు మీద తినేవాడు. పటేలు వేషం మాత్రం ఎంత బాగా వేసేవాడంటే, నవ్వుతూ నవ్వుతూనే మాకు భయం వేసేది.

జానమ్మ మిషన్ దవాఖానలో ఆయాగా చేసి మా పనిలోకి వచ్చింది. కొల్లాపూర్ దిక్కు ఒక ఊరి వాడలో పుట్టింది. ఆమె చిన్నప్పుడే ఇంటిల్లిపాదీ క్రైస్తవం పుచ్చుకున్నారు. సన్నగా, పొడుగ్గా ఉండేది, నవ్వితే భుజాలు ఊగేవి. మాలో అందరికంటే ఎక్కువ బావులు పారించింది ఆమే.

"నీళ్లియ్యిమని అడుగొద్దు," అని చెప్పేది. "అడిగితే లేవంటడు. ఆ మాట నోట్లెకెల్లి ఎల్లిందంటే ఇగ దాన్ని మింగలేడు. బాయి దిక్కు మెడ సాపి చూడాలె. దూరంకెల్లే, గట్టెక్కితే కొట్టొస్తరు. చూసి, 'అయ్యో, పటేలు బాయి గూడ ఎండెనా' అనాలె."

"అంటే ఏమైతది?" అన్నాడు రామచంద్రయ్య.

"నా బాయి ఎండుతదానే అని ఆయనే మోట కట్టిస్తడు. కాలువ నిండ పారిస్తడు. పారిన నీళ్లు మల్ల బాయిల పోస్తడా పంతులూ?"

ఆ మాట మా అందరికీ అబ్బింది. ఊరూరా పనిచేసింది కూడా.

ఆమె నేర్చుకున్నదీ ఉంది. అది రామచంద్రయ్య దగ్గర. ఒక ఊళ్లో పటేలు సరే అన్నాక ఈయన చేతులు జోడించి "పోయొస్త పటేలా" అన్నాడట. "ఆగు పంతులూ, తొందరేంది" అన్నాడట ఆయన. ఆగాడు. ఆగినందుకు రవ్వలో సగం పటేలు ఇంటికి చేరాలని కొత్త షరతు పుట్టింది.

"మాట వచ్చినంక నిలబడొద్దు," అని చెప్పాడు ఆ సాయంత్రం. "పోయొస్త గియొస్త అనొద్దు. ఎనుకకు మర్రి నడుసుడే."

జానమ్మ భుజాలు ఊగాయి. "పోయొస్త అనకుండ పోవుడు సావు ఇంట్లకెల్లే గద పంతులూ! బతికున్నోళ్ల ఇంట్లకెల్లి గట్ల పోతే తిట్టరా?"

"తిట్టనియ్యి. నీళ్లయితే వస్తయి గద."

నేర్చుకుంది గానీ, అది ఆమె నోటికి అలవాటు కాలేదు. పటేలు ఇంటి గవిని తలుపు దాటి నాలుగడుగులు వేశాక, ఎవరికీ వినపడకుండా "పోయొస్త" అని గొణుక్కునేది. బండి పక్కన నడుస్తూ ఎన్నోసార్లు విన్నాను. నేను విన్నట్టు ఆమెకు తెలుసు. "అనకపోతే నాలిక గుంజుతది," అని ఒకసారి నాతో అని, సిగ్గుపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఎండలు ముదిరాక రామచంద్రయ్య ఇంకొకటి తెచ్చాడు. ఒక మొండి పటేలు ఎంతకూ లొంగలేదట. విసిగిపోయి, నవ్వులాటకు, రెండు చేతులు జోడించి వంగి "బాంచెన్ దొరా, కాల్మొక్త" అన్నాడట. బాంచెన్ అంటే నీ బానిసనని. వెట్టిచాకిరీ రోజుల్లో వాడవాళ్ల నోట ఊపిరిలాగా ఉండిన మాట. నైజాం పోయాక ఎంతోమంది ఒట్టు పెట్టుకుని మరీ మానేసిన మాట.

"పటేలు కడుపు పట్టుకొని నవ్విండు," అని చెప్పాడు రామచంద్రయ్య. "'నువ్వనుడేంది పంతులూ, నాకు పాపం తగుల్తది, కూసో' అన్నడు. సల్ల పోయించిండు. నీళ్లు అడుగకముందే మోట కట్టిచ్చిండు."

అరుగంతా నవ్వులు. మా సూపర్‌వైజర్ సారు కూడా నవ్వి, "మంచి ఉపాయం, అందరు గుర్తుపెట్టుకోండి" అన్నాడు.

జానమ్మ చేటలో రవ్వ చెరుగుతోంది. తలెత్తలేదు. "మా ఇంట్ల ఆ మాట అంటే పండ్లు రాలగొడ్తనన్నడు మా నాయిన," అంది.

"నవ్వులాటకు అన్న జానమ్మా."

"ఔ. నీకు నవ్వులాటే."

ఆమె తండ్రి పేరు పెద్దులు. వాళ్ల ఊరి పటేలు తండ్రి కాలం నుంచి ఆ ఇంటి పశువుల కొట్టం ఊడ్చినవాడు. నైజాం పోయిన ఏడు ఒక పొద్దున చీపురు తెచ్చి గవిని ముందు పెట్టి, దండం పెట్టకుండా ఇంటికి వచ్చేశాడు. కొట్టించినా మళ్లీ పోలేదు. ఆ మాట మళ్లీ అనలేదు. ఈ సంగతి జానమ్మ చెప్పేటప్పుడు వెన్ను నిటారుగా అయ్యేది.

కొన్నాళ్లకు ఆమె పుట్టిన ఊరి వంతు వచ్చింది. "నన్ను కాదు, పంతులును పంపుండ్రి సారూ" అని ఆమె అడిగింది. పంతులు అప్పటికి ఇంకో దిక్కున ఉన్నాడు. "నీ ఊరే గద, నీకే సులువు" అన్నాడు సారు. రవ్వ బండితో నేనూ వెళ్లాను.

వాడలో పిల్లలు అప్పటికే గిన్నెలు పట్టుకుని వరసగా కూర్చున్నారు. వాళ్లలో ఆమె తమ్ముడి పిల్లలిద్దరు ఉన్నారు. చిన్నదాని మెడ గిన్నె బరువుకే వాలిపోయినట్టుంది. పెద్దులు ఒక పక్కన సత్తు గిన్నె ముందు పెట్టుకుని కూర్చున్నాడు. బిడ్డను చూసి నవ్వాడు. పండ్లన్నీ ఊడిన నవ్వు.

పటేలు బావి దగ్గరే మంచమేసుకుని ఉన్నాడు. జీతగాడు మారయ్య నీళ్లు తోడే మోట ఎద్దుల పగ్గం పట్టుకుని నిలబడ్డాడు. జానమ్మ దూరాన ఆగి, బావి దిక్కు మెడ చాపింది. నోరు తెరిచేలోపే పటేలు చెయ్యెత్తాడు.

"ఆగు ఆగు. 'పటేలు బాయి గూడ ఎండెనా' అంటవు. నాకు రోషమొచ్చి మోట కట్టిస్త. అంతే గద?" నవ్వాడు. "కొత్తకోట కాడ మా బామ్మర్ది గిట్లనే బోల్త పడ్డడు. మొన్న పెండ్లిల కలిసినప్పుడు చెప్పుకొని నవ్వుకున్నం. మీరొక్కరే కూసొని నేర్చుకుంటరనుకున్నవా? మేం నేర్చుకోమా?"

జానమ్మ చాపిన మెడ వెనక్కి తీసుకుంది.

"నువ్వు పెద్దులు బిడ్డవు గద?"

"ఔ పటేలా."

"మీ పంతులు బాంచెన్ అన్నడట. బాపనాయన, నవ్వుకుంట అన్నడట. నీకేమొచ్చింది? మీ నాయిన ఈ గడప ముందట అనలేదా?"

"నీళ్లు పిల్లలకు పటేలా. నాకు గాదు."

"పిల్లలకే ఇస్త. నేను అడిగేది నిన్ను."

మారయ్య ఎద్దుల మూపు నిమురుతూ నేల చూశాడు. నేను బండి చక్రం పట్టుకుని నిలబడ్డాను. వాడ దిక్కు నుంచి ఒక పిల్ల ఏడుపు ఆగి ఆగి వినబడుతోంది. జానమ్మ అటు ఒకసారి తిరిగి చూసింది. తర్వాత ఆ మాట అంది. చాలా మెల్లగా అంది.

"ఇనబడలే."

మళ్లీ అంది.

"ఎనుక ఇంకో ముక్క ఉండె గద?"

అది కూడా అంది. పటేలు నవ్వలేదు. సల్ల పోయించలేదు. పాపం తగులుతుందని అనలేదు. మారయ్యకు సైగ చేశాడు. మోట దిగింది.

జానమ్మ నేర్చుకున్న ప్రకారం వెనుదిరిగి నడిచింది.

"ఏయ్, ఆగు."

ఆగింది. రామచంద్రయ్య నేర్పిన పాఠం అక్కడ చెల్లలేదు. బాంచెన్ అన్న మనిషి ఆగుమంటే ఎట్లా నడుస్తుంది?

"రేపటి సంది పొద్దుగాల వచ్చి కొట్టం ఊడువు. ఊడ్చినంకనే మోట కడ్తరు," అన్నాడు పటేలు.

కాలువ వెంట నీళ్లు వాడకు మేము రాకముందే చేరాయి. మాట వాటికంటే ముందు చేరింది. పెద్దులు గిన్నె పట్టుకుని అట్లాగే కూర్చున్నాడు. జావ ఉడికాక జానమ్మ గరిటెతో పోయబోతే గిన్నె వెనక్కి లాక్కున్నాడు.

"ఎట్ల వచ్చినయే గీ నీళ్లు?"

"బాయికెల్లి నాయినా."

"బాయి సంగతి అడుగలే."

ఆమె గరిటె పట్టుకుని నిలబడింది. జావ చుక్కలు నేల మీద పడుతున్నాయి. పెద్దులు గిన్నె బోర్లించాడు. మనుమరాలి తల మీద చెయ్యి పెట్టి, "నువ్వు తాగు బిడ్డా, నువ్వు తాగు" అన్నాడు. మరునాడు కొత్తకోట దిక్కు రోడ్డు పనిలో కంకర కొట్టడానికి పోయాడు. ఆ వయసులో, ఆ ఎండలో. బిడ్డతో మళ్లీ మాట్లాడినట్టు నేను చూడలేదు.

వానలు పడేదాకా జానమ్మ రోజూ పొద్దున్నే కొట్టం ఊడ్చింది. తండ్రి పెట్టి వచ్చిన చోటే చీపురు పట్టుకుంది. ఊడ్చాక మోట కట్టేవాళ్లు, మోట కట్టాక జావ ఉడికేది. తమ్ముడి చిన్నబిడ్డ మెడ నిలబడింది. ఆ ఊళ్లో పొయ్యి ఆరలేదు. చుట్టుపక్కల ఎన్ని ఊళ్లలో ఆరిందో నాకు తెలుసు గనుక ఈ మాట రాస్తున్నాను. ఊడ్చి వచ్చి చేతులు బూడిదతో తోమి తోమి కడుక్కునేది. భుజాలు ఊగేలా నవ్వడం ఇక చూడలేదు. బండి వెంట నడిచేటప్పుడు ఏదీ గొణిగేది కాదు.

వానలు పడ్డాక పని ముగిసింది. కల్వకుర్తి ఇంటి అరుగు మీద అందరినీ కూర్చోబెట్టి సారు చాయ్ తెప్పించాడు.

"జానమ్మ కాడ ఒక్క దినం పొయ్యి ఆరలేదు. ఎట్ల మాట్లాడి సాధించినవో అందరికి చెప్పు జానమ్మా. రేపు ఇంకో కరువొస్తే మనోళ్లకు పనికొస్తది," అన్నాడు. నిజంగా మెచ్చుకునే అన్నాడు.

కొట్టం సంగతి ఆయనకు తెలియదు. రామచంద్రయ్యకూ తెలియదు. ఆమె చెప్పలేదు. చెప్పొద్దని నాతోనూ అంది.

రామచంద్రయ్య ఉత్సాహంగా లేచాడు. అందరం కలిసి కూర్చుని చాలా రోజులైంది. తువ్వాలు భుజాన వేసుకున్నాడు. లేని మీసం మెలేశాడు.

"రా జానమ్మా, నేను పటేలును. ఏమే, ఎవరు నువ్వు? ఏమంటవో అను!"

అందరూ నవ్వారు. జానమ్మ ఆ తువ్వాలు దిక్కు చూసింది, ఆయన ముఖం దిక్కు కాదు. చాయ్ గ్లాసు అరుగు మీద బోర్లించింది. లేచి, మూట చంకన పెట్టుకుని మెట్లు దిగింది.

అది కూడా ఆటలో భాగమే అనుకున్నాడు రామచంద్రయ్య. పటేలు గొంతుతోనే, నవ్వు ఆపుకుంటూ, "ఏయ్, ఆగు" అన్నాడు.

ఆమె ఆగలేదు. నేను లేచి వాకిలి దాకా వెళ్లాను. అప్పటికి వీధిలోకి దిగి అడుగులు వేస్తోంది. ఆ నాలుగో అడుగు దగ్గర ఏమైనా గొణుక్కుంటుందేమోనని చెవి ఒగ్గి నిలబడ్డాను. పక్కనుంచి కనబడిన ఆమె పెదవులు కదలలేదు. పుట్టిన ఊరికి పోయే కొల్లాపూర్ బస్సు ఆగే దిక్కు కాదు, తండ్రి పోయిన కొత్తకోట దిక్కు కాదు, ఇంకో దారి పట్టి నడిచి వెళ్లిపోయింది.