సర్దారు అడ్డం పెట్టిన కట్టె

ఆయన చావు కబురు ఆయనకు నచ్చని దారిలోనే వచ్చింది. పొద్దున్నే మా కాలనీ వాట్సాప్ గ్రూపులో, ఉల్లిగడ్డల బండి వచ్చిందన్న మెసేజ్ కింద, "సర్దారు పోయిండు" అని పడింది. నిమిషంలో దాని కింద దండాల బొమ్మలు వరుస కట్టాయి. ఒకడు తొందరలో నవ్వే బొమ్మ పెట్టి, నాలుక కరుచుకుని తీసేశాడు. తీసేసిన గుర్తు మాత్రం అక్కడే ఉండిపోయింది. ఆయన ఉంటే దాని మీద వేలు పెట్టి, "సూసినవారా, తీసేసినా పోదు" అనేవాడు.

సర్దారంటే తలపాగా సర్దార్జీ కాదు. బెల్లంపల్లి బొగ్గు బాయిలో మైనింగ్ సర్దారు. మా పక్క క్వార్టరు. కూలీలు పనిలోకి పోకముందు ఆయన ఒక్కడే లోపలికి పోయి, పొడుగాటి కట్టెతో పైకప్పును తట్టి చూసేవాడు. బండ గట్టిగా ఉంటే ఖంగుమంటుంది. లోపల పొర విడిపోయి ఉంటే డొల్లగా పలుకుతుంది. డొల్లగా పలికిందా, దారికి కట్టె అడ్డం పెట్టి బయటికి వచ్చేవాడు. తట్టా, బొగ్గెత్తే చెమ్మస్ పార పట్టుకున్న కూలీ అయినా, బూట్లు తొడుక్కున్న మేనేజర్ అయినా ఆ కట్టె దాటి పోడు. పెట్టినవాడే తియ్యాలి. షిఫ్టు మారితే, కట్టె ఎక్కడుందో వచ్చే సర్దారుకు చెప్పి మరీ ఇంటికి పోవాలి.

ఆయన రిటైరయ్యాడు, తర్వాత ఆ బాయీ మూతపడింది, తట్టే అలవాటు మాత్రం పోలేదు. పుచ్చకాయను తట్టేవాడు, బస్సు రేకును తట్టేవాడు, కొత్తగా కట్టిన గోడ కనబడితే ఆగి మరీ తట్టేవాడు. నా పెళ్లిలో వియ్యాలవారందరి ముందు నా నెత్తి మీద తట్టి, "డొల్ల" అని తీర్పు చెప్పాడు. మా మామకు గుండె జారిపోయింది.

తీర్పులో తప్పేం లేదు. పదో తరగతి మూడుసార్లు రాసి, మూడుసార్లూ లెక్కల్లో తప్పినవాణ్ని. క్వార్టర్ల చివర రోడ్డు మీద నాది సెల్‌ఫోన్ల షాపు. నాకు వచ్చిన అసలు విద్య జనాన్ని ఆటపట్టించడం. ఒకసారి ఆయన కట్టె దాచి, అదే పొడుగు చెరుకుగడకు రంగేసి పెట్టాను. ఆయన దాంతో నా గోడను రెండుసార్లు తట్టాడు, మూడోసారికి విరిచి నమిలాడు. "తియ్యగున్నది. నీ బుద్ధి అసొంటిది కాదు" అన్నాడు. ఇట్లాంటివి వీడియోలు తీసి పెట్టడానికి నాకొక పేజీ ఉండేది. బెల్లంపల్లిలో దాన్ని చూడనివాడు లేడని నా గర్వం.

ఇక చెప్పక తప్పనిది చెబుతాను. ఆయన మనవరాలు అప్పుడు తొమ్మిదో తరగతి. పంద్రాగస్టు నాడు బడిలో స్టేజీ ఎక్కి మాట్లాడుతుంటే భయానికి గొంతు సన్నగా వణికింది. నేను కింద నిలబడి ఫోన్లో తీశాను. ఆ వణుకు దగ్గర మేకపిల్ల అరుపు కలిపి పేజీలో పెట్టాను. పాప కూడా నవ్వుతుందనుకున్నాను. సాయంత్రానికి ఊరంతా నవ్వింది. నేను కాలర్ ఎగరేసుకుని తిరిగాను.

మూడో రోజు పాప బడికి పోలేదు. దారిలో పిల్లలు వెనక నుంచి మేకల్లా అరుస్తున్నారట. అది మా ఊరి సంగతి. కరీంనగర్‌లో ఎవడో, ఆదిలాబాద్‌లో ఎవడో, ముక్కూ మొహం తెలియనివాళ్లు, ఆ పిల్ల రంగు మీద, పళ్ల మీద రాశారు. రాసినవాళ్లలో సగం మంది ఆమె ఈడు పిల్లలే. వారం తిరిగేసరికి పాప అన్నం మానేసింది, మాట మానేసింది. ఇంట్లో అద్దం మీద తువ్వాల కప్పిందని వాళ్లమ్మ వచ్చి ఏడ్చింది.

సర్దారు నా షాపుకు వచ్చాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది, తిట్లకు నా దగ్గర జవాబులుంటాయి. ముందు నా గాజు కౌంటర్ తట్టాడు, తర్వాత ద్వారబంధం తట్టాడు. అప్పుడు ఆ కట్టెను నా షాపు వాకిట్లో అడ్డంగా పెట్టి, పక్క అరుగు మీద కూర్చున్నాడు. మాది బాయి కార్మికుల కాలనీ. రీఛార్జికి వచ్చినవాళ్లు కట్టెను చూశారు, ఆయన ముఖం చూశారు, ఎవరూ దాటలేదు. లోపల నేను, బయట ఊరు.

"కాకా, తీసేసిన కదనే."

"నువ్వు తీసేసినవ్. పోయిందా?"

వెతికాను. ఇంకా నాలుగు పేజీల్లో ఉంది. ఒకడు మేకను తీసి కుక్కను పెట్టాడు. ఆయన ముందే అన్నిటి మీదా ఫిర్యాదు నొక్కాను. రెండు రోజులకు జవాబు వచ్చింది, ఇది మా నియమాలకు విరుద్ధం కాదు అని. అరుగు మీది ఆయనకు చదివి వినిపించాను.

"గా నియమాలు ఎవడు రాసిండు?"

"కంపెనీవోళ్లు."

"బాయిల గూడ కంపెనీవోడే రాసుకుంటే మేమంత ఎన్నడో సస్తుంటిమి. సర్కారు రాయాలె, కంపెనీవోడు ఇనాలె. లే, నీ ముఖం జర పాపకు సూపియ్."

పోయాను. తలుపు తియ్యలేదు. తలుపుతోనే క్షమాపణ చెప్పుకున్నాను. లోపలి నుంచి, "నన్నొక్కసారి అడుగుతే ఏమైతుండె మామా?" అని వినబడింది.   పేజీ ఆ రోజే మూసేశాను. అదేం గొప్ప కాదు. కాలిన ఇంటి ముందు అగ్గిపెట్టె పారేసినట్టు.

జిల్లా ఆఫీసులో సోమవారం అర్జీలు తీసుకుంటారు. ఆయన చెప్పాడు, నేను రాశాను. ఆయనకు బతుకంతా తెలిసిన కాగితం ఒక్కటే, బాయిలో షిఫ్టుకోసారి రాసే తనిఖీ రిపోర్టు. అర్జీ కూడా అట్లాగే చెప్పాడు. "కప్పు బాగలేదు. గాలి బాగలేదు. లోపల పిల్లలున్నారు. కప్పు చూసినవాని సంతకం లేదు. వెంటనే ఆపాలి." నేను గుడ్డిగా రాసి, కింద ఫోన్లు, వీడియోలు అని ఒక ముక్క కలిపాను. అది ఎవరూ చదివినట్టు లేదు. నెల తర్వాత గనుల ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. "అర్జీలో తెలిపిన గని మా పరిధిలో లేదు" అని.

నేను పొట్ట పట్టుకుని నవ్వాను. ఆయనా నవ్వాడు, దగ్గు వచ్చేదాకా నవ్వాడు. దగ్గు ఆగాక కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"నవ్వుతవేందిరా. గాళ్లు నిజమే రాసిన్రు. ఇది ఎవని పరిధిల లేని బాయి. పిల్లలు మాత్రం దాంట్లనే ఉన్నరు."

అప్పటి నుంచి ప్రతి సోమవారం మేమిద్దరం బస్సెక్కాం. కండక్టర్ మమ్మల్ని చూడగానే "అర్జీలు రెండు" అని టికెట్ కొట్టేవాడు. సర్దారు అడిగింది పెద్ద కోరిక కాదు. పిల్లల్ని బద్నాం చేసే వీడియో మీద ఫిర్యాదు వస్తే ఒక్క రోజులో తీయించే మనిషి జిల్లాలో ఉండాలి. ఆ మనిషికి పేరుండాలి, సంతకముండాలి. పిల్లల మనసు వినే మనిషి ప్రతి బడిలో ఉండాలి. వయసు తనిఖీ చేసే బాధ్యత పిల్లది కాదు, కంపెనీది కావాలి. ఈ చివరిదాని సంగతి నేను చెబుతాను, ఫోన్లు అమ్మేవాణ్ని. పదేళ్ల పిల్ల పుట్టిన సంవత్సరం తప్పు కొడితే ఫోను నోరెత్తకుండా నమ్ముతుంది. వైన్ షాపువాడైనా ఒకసారి ముఖం చూస్తాడు.

అక్కడ అర్జీలు తీసుకునే అధికారి మంచివాడే. కుర్చీ వేయించేవాడు. "పెద్దాయనా, ఇది కేంద్రం చూసుకోవాల్సింది. నా చేతిలో లేదు" అన్నాడు.

"బొగ్గు గూడ కేంద్రందే సార్. బండ మాత్రం మా నెత్తి మీదనే పడేది."

"ఇంట్లో తల్లిదండ్రులు చూసుకోవాలి కదా?"

"బాయిల బండ పడితే సచ్చినోని అవ్వబాపును అడిగిన్రా సార్? కప్పు ఎవడు సూసిండని అడిగిన్రు."

"మరి పిల్లలకు ఫోనే వద్దంటారా?"

"వద్దంటలే. ముందుగాల ఎవడన్న తట్టి సూడాలె అంటున్న. పద్దెనిమిది నిండనోన్ని బాయిల దింపద్దని సర్కారే రాసింది. గా రూలు ఊకెనే రాలే సార్, పోరగాండ్లు సచ్చినంక వచ్చింది. గిది గూడ గట్లనే రావాల్నా?"

అధికారి పెన్ను మూత పెట్టి, మళ్లీ తీశాడు. ఆ రోజు రసీదు మీద మాత్రం, ప్రతిసారీ రాసినట్టు శాఖ దగ్గర గనులు అని రాయలేదు.

చదివేవాళ్లలో కొందరు పెదవి విరుస్తారని తెలుసు. మా కాలంలో ఎన్ని వెక్కిరింతలు పడలేదు, ఇప్పటి పిల్లలే మరీ నాజూకు అంటారు. అయ్యా, మీ కాలంలో వెక్కిరించినవాడు పొద్దుగూకితే ఇంటికి పోయేవాడు. ఇప్పుడు వాడు పిల్ల దిండు కింద ఉంటున్నాడు. వాణ్ని అక్కడ పెట్టినవాణ్ని నేను. కాబట్టి నాకు నీతులు చెప్పకండి, అర్జీ మీద సంతకం పెట్టండి.

జిల్లా కదలలేదు కానీ బడి కదిలింది. పిల్లల్ని, ఇంటివాళ్లను అడగకుండా స్టేజీ మీద ఎవరినీ ఫోన్లో తీయకూడదని హెడ్మాస్టరు గోడకు రాయించాడు. శనివారాలు ఆసుపత్రి నుంచి ఒకామె వచ్చి సైన్సు గదిలో కూర్చుంటుంది, పిల్లలు పోయి మాట్లాడుకోవచ్చు. మళ్లీ బడికి పోవడం మొదలుపెట్టిన మా పాప మొదటి రెండు శనివారాలు ఊరికే కూర్చుని వచ్చిందట. మూడో శనివారం ఆమెతో మాట్లాడుతూ ఉండిపోయి ఇంటికి ఆలస్యంగా వచ్చింది. ఆ సాయంత్రం అద్దం మీది తువ్వాల తీసిందని తెలిసి, సర్దారు నా షాపు ముందుకొచ్చి కట్టె తీశాడు. అన్నాళ్లూ షాపు వెనక తలుపు నుంచి దూరి నడుపుకున్నాను. ముందు నుంచి దాటే ధైర్యం నాకూ లేదు.

చివరి నెలల్లో ఆయనకు ఊపిరి సరిపోలేదు. బాయి ధూళి అంతా ఛాతీలోనే మిగిలింది. మంచం పక్కన కూర్చుంటే వేలితో నా నెత్తి మీద తట్టాడు.

"ఏం పలికింది కాకా?"

"జర గట్టి పడ్డది. ఇగ ఇను. నా షిఫ్టు అయిపోయింది. కట్టె తలుపెనుక ఉన్నది. కప్పు ఇంకా బాగుకాలే."

అంతకంటే పెద్ద మాటలేవీ చెప్పలేదు. కర్మలన్నీ అయ్యాక వచ్చిన సోమవారం నేను బస్టాండుకు పోయేసరికి, పాప బడి బట్టల్లో, కట్టె పట్టుకుని నిలబడి ఉంది. ఇప్పుడు పదో తరగతి. "నువ్వెందుకమ్మా?" అంటే, "తాత చెప్పింది నీకొక్కనికేనా మామా?" అంది. కండక్టర్ మా ఇద్దరినీ, కట్టెనూ చూసి టికెట్లు కొట్టాడు.

ఆఫీసులో అర్జీ ఇచ్చాం. చూస్తామన్నారు. ప్రతిసారీ అనే మాటే. నేను దండం పెట్టి వెనక్కి తిరిగాను. పాప తిరగలేదు. మెల్లగా వాకిటి దాకా నడిచి, ద్వారబంధాన్ని రెండుసార్లు తట్టి, చెవి పెట్టి విని, కట్టెను అడ్డంగా పెట్టింది. ఏడాది కింద వణికిన ఆ గొంతుతోనే, "కప్పు బాగలేదు సార్" అంది. గొంతు ఇంకా కొంచెం వణికింది. అయినా ఆపలేదు. "ఎవలన్న సంతకం పెట్టేదాంక ఇది తియ్య."

లోపలున్నవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అప్పుడే అటెండరు సార్లకు చాయ్ పట్టుకుని వరండాలో వచ్చాడు. నడి వయసువాడు, శ్రీరాంపూర్ బాయి కార్మికుని కొడుకట, తర్వాత తెలిసింది. మోకాలెత్తు కూడా లేని కట్టె, కాలెత్తితే దాటొచ్చు. దాన్ని చూశాడు. ఎత్తిన కాలు వెనక్కి పెట్టాడు.

"చాయ్ తేవయ్యా" అని లోపల నుంచి కేక వేశారు.

"కట్టె ఉన్నది సార్" అన్నాడు అతను.

పళ్లెం పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. చాయ్ మీద మీగడ కట్టింది. అతను దాటలేదు.