పళ్ళున్న పిట్ట

అబూధాబీలో మూడేళ్ళపాటు మొజాయిక్ పనిలో సిమెంటు కలిపాను. ఎప్పటికైనా మేస్త్రీని కావాలని ఆశ. మా నెల్లూరు మేస్త్రీని ఎప్పుడడిగినా "చూద్దాంలే" అనేవాడు. ఎనభైల మొదట్లో బనియాస్‌లో ఒక ఇండియన్ స్కూలు కడుతుంటే, గుమ్మం దగ్గర నేలలో పిట్ట బొమ్మ వేసే పని మాకొచ్చింది. "ఈ పిట్టలో నీ చెయ్యి చూసి చెప్తా" అన్నాడు.

సైన్సు టీచరమ్మ ఒక బొమ్మ కాగితం ఇచ్చింది. డైనోసార్ల కాలం నాటి పిట్ట, కాకి అంత ఉండేదట. నోట్లో పళ్ళు, రెక్కకు మూడు గోళ్ళు, బల్లికి ఉన్నట్టు పొడుగాటి తోక.

మేస్త్రీ ఇత్తడి పట్టీలు వంచి నేల మీద రూపం కట్టాడు. చక్కటి చిలక ముక్కు, పొట్టి తోక. గోళ్ళు లేనే లేవు.

"కాగితంల పండ్లున్నయ్ గద మేస్త్రీ" అన్నాను.

"పిట్టకు పండ్లేందిరా? గీసినోడికి తెలీదు. రేపు చూసినోళ్ళు నన్ను చూసి నవ్వుతారు."

పనిలో ఆయన్ని మించినవాడు మా క్యాంపులో లేడు. అందుకే కాగితాన్ని నమ్మలేదు.

శుక్రవారం జుమ్మా నమాజుకు వెళ్తూ, పట్టీల లోపల రంగురాళ్ళ చిప్స్ నింపి సిమెంటు పొయ్యమని నాకు చెప్పాడు. నాకసలే తిక్క ఎక్కువ. పట్టీలు పీకి, కాగితం ముందు పెట్టుకుని మళ్ళీ వంచాను. తెల్ల చిప్స్‌లోంచి బియ్యపు గింజంతవి ఏరి, ఒక్కొక్కటీ దవడలో గుచ్చి సిమెంటు పోశాను. తప్పయితే నా మేస్త్రీ ఆశ కూడా ఆ సిమెంటులోనే పూడిపోతుందని తెలుసు. భయం వేసింది. అయినా చెయ్యి ఆగలేదు.

తిరిగొచ్చిన మేస్త్రీ చూసి తల పట్టుకున్నాడు. "నాశనం చేసినావు గదరా. టీచరమ్మ వద్దంటే నువ్వే పగలగొట్టు. ఇంక జన్మలో నన్ను అడగొద్దు."

వారం తర్వాత మిషన్‌తో నేల అరగదీశాం. బూడిద రంగు నీళ్ళు తుడిచేసరికి పిట్ట బయటపడింది. టీచరమ్మ మోకాళ్ళ మీద కూర్చుని పళ్ళ మీద వేలు పెట్టి లెక్కపెట్టింది. గోళ్ళు చూసింది, తోక చివరిదాకా తడిమింది.

"మియా మియా" అంది, నూటికి నూరు అని. "ఈ పళ్ళు ఎవరు పెట్టారు?" అని హిందీలో అడిగింది.

తానే అని మేస్త్రీ చెప్పుకున్నా కాదనేవాడు లేడు. ఆయన నా భుజం పట్టి ముందుకు తోశాడు. "వీడే మేడమ్. నా మాట వినలా."

గెలిచానని అప్పుడు తెలిసింది. ఎగిరి గంతెయ్యాలనిపించింది.

ఆమె వెళ్ళాక అలవాటు కొద్దీ పార అందుకున్నాను. మేస్త్రీ దాన్ని నా చేతిలోంచి లాక్కున్నాడు.

"కలపడం ఖలాస్. రేపు మెట్ల కాడ పట్టీలు నువ్వు వంచు."