ఒక్క ఫ్యామిలీ ఇల్లు

మా ఇనాయత్ భాయ్‌కి అనుమానం జబ్బు కాదు, వృత్తి. జర్మనీలోని కైసర్స్‌లౌటర్న్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టర్ ఆయన. ఎవరో రాసిన ప్రోగ్రాంలో తప్పుందని అనుమానించడానికి కంపెనీ జీతమిస్తుంది. మిగతా ప్రపంచాన్ని ఆయన ఉచితంగా అనుమానిస్తాడు. రైలు వేళకొస్తే ఎక్కడు. "ఇది నిన్నటిది అయ్యుంటది సాబ్." పక్కింటి ఫ్రౌ కేలర్ ఆపిల్ కేకు తెచ్చిస్తే ముందు నాచేత తినిపించి, కాసేపు నా ముఖం పరీక్షించి, ఆపైన తాను తిన్నాడు.

ఊరి అంచున మా ఇద్దరిదీ ఒకటే వీధి. అక్కడ ఐన్‌ఫమీలియన్‌హౌస్, అంటే ఒక్క కుటుంబం ఇల్లు తప్ప మరేదీ కట్టరాదని మున్సిపాలిటీ శాసనం. ఇనాయత్ భాయ్, షహనాజ్ భాభీ ఉండేది ఇద్దరే. అయినా అదేం చిత్రమో, వాళ్ల కుటుంబం ఏటేటా పెరిగేది.

"మా మామూ కొడుకు," అని ఓసారి పరిచయం చేశాడు. ఆ మామూ కొడుకు పేరు శ్రీచరణ్, నుదుట విభూతి. ఈ మధ్య ఇంకో పిల్ల దిగింది. పేరు వైశాలి, ఊరు భీమవరం.

"మా ఖాలా బిడ్డ, పిన్ని కూతురు."

"మీ ఖాలా భీమవరంలో ఉంటారా భాయ్?"

"ఎందుకడుగుతున్నరు? ఎవరన్న అడగమన్నరా?"

అనుమానం అంటువ్యాధి. విద్యార్థులకు గది దొరకని ఊళ్లో ఈయన గుట్టుగా అద్దెలు గుంజుతున్నాడని నేను తీర్మానించాను. బస్టాప్‌లో వైశాలి కళ్లు తుడుచుకుంటూ కనబడేసరికి ఆ తీర్మానం ఖరారైంది.

"ఇనాయత్ మామూ సంతకం పెట్టట్లేదు అంకుల్. ఇంటాయన సంతకం లేకపోతే ఆన్మెల్డుంగ్ అవ్వదంట. అడ్రస్ నమోదు కాకపోతే వీసా పొడిగించరు. ఇంకో గదెక్కడుందండీ ఈ ఊళ్లో!"

సరిగ్గా అప్పుడే మున్సిపాలిటీ వారికి జ్ఞానోదయమైంది. ఇళ్ల కొరత కదా, ఒక్క కుటుంబం నియమం ఎత్తేసి ఒక స్థలంలో రెండు మూడు కాపురాలకు వీలిద్దామా అంటూ జనాన్ని సభకు పిలిచారు. వీధి రెండుగా చీలింది. ఇళ్లు కావాలని కొందరు, కార్లెక్కడ పెట్టాలని కొందరు. ఇనాయత్ భాయ్ ఒక్కడే మూడో పక్షం.

"ఈ దేశం రూల్ పెడ్తది గానీ తీస్తదా? ఇది వల, విశ్వనాథం సాబ్. ఎవడు ఖుషీ అయితడో చూసి వాడింటికొస్తరు!"

అయినా సభకొచ్చాడు. వచ్చి, లేచి, జర్మన్‌లో అడిగాడు. "ఒక ఇంట్లో ఫ్యామిలీ కానివాళ్లు ఉన్నారనుకోండి. ఉదాహరణకు, పై అంతస్తులో, ఎడమ చేతి గదిలో, కిటికీ పక్కన..."

హాలు హాలంతా ఆయన వైపు తిరిగింది.

"అద్దెకా?" అన్నాడు అధికారి.

"తౌబా! అద్దె తీసుకుంటే కిరాయిదార్లు, తీసుకోకుంటే చుట్టాలు. అందుకే ఎవ్వరి దగ్గరా తీసుకోలేదు!"

నా తీర్మానం మెల్లగా కుర్చీ కిందికి జారుకుంది.

సంగతేమిటంటే, బ్రహ్మచారి రోజుల్లో హైదరాబాద్‌లో 'ఫ్యామిలీలకే' అన్న బోర్డు చూసి ఆయన వెనుదిరగని గల్లీ లేదు. జర్మన్ మాటలో 'ఫమీలియన్' అని చెవిన పడగానే ఆ బోర్డు ఇక్కడికీ వెంటాడి వచ్చిందనుకున్నాడు. సంతకం పెడితే పిల్ల దొరికిపోతుందనీ, వీధిన పడుతుందనీ ఆయన భయం.

అధికారి నవ్వాపుకున్నాడు. "మేం లెక్కపెట్టేది కాపురాన్నండీ, చుట్టరికాన్ని కాదు. మీ గదిలో విద్యార్థులు ఉండటానికి ఎప్పుడూ అడ్డులేదు. సంతకం పెట్టండి. నియమం మారితే పైన వేరే వంటిల్లు, వేరే గుమ్మం కూడా పెట్టుకోవచ్చు."

"అయితే చుట్టాలని చెప్పక్కర్లేదా?"

"అక్కర్లేదు."

ఒక్క మాటతో బంధువర్గమంతా పోగొట్టుకున్నవాడి ముఖంతో ఇనాయత్ భాయ్ కూర్చున్నాడు.

మర్నాడే సంతకం పెట్టాడు. వైశాలికి వీసా పొడిగించారు. కొన్నాళ్లకు నియమమూ మారి, ఆయన పై అంతస్తుకు సొంత పొయ్యి, సొంత తలుపు అమరాయి. నేను చాయ్ తాగుతుండగా వైశాలి దిగొచ్చి ఓ కవరు చాపింది.

"మామూ, ఇప్పుడు నాది వేరే ఇల్లు కదా. అద్దె తీసుకోవాలి మీరు."

ఇనాయత్ భాయ్ కళ్లు చిన్నవయ్యాయి.

"నెలాఖరుల స్టూడెంట్ చేతిల పైసలా? ఇందుల ఏదో ఉంది. పొద్దున ఏం తిన్నవ్?"

వైశాలి నేల చూసింది.

"నిన్న?"

ఇంకా కిందికి చూసింది.

"దొరికింది దొంగ! షహనాజ్, ప్లేట్ పెట్టు!"